లైక్ కొట్టేవాళ్లు వేరు, లింకు నొక్కేవాళ్లు వేరు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

క్లయింటు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, ఏ ఏడాది జరిగింది అన్నవి తీసేశాను. అంకెలు కూడా ఉజ్జాయింపుగానే చెప్తాను, ఎందుకంటే ఇందులో పనికొచ్చేది అంకెలు కాదు, ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఎక్కడ పప్పులో కాలేశాం అన్నదే.

ఆరుగురు పనిచేసే చిన్న ఆన్‌లైన్ శిక్షణ సంస్థ. ఆఫీసు పనికి కావలసిన ఎక్సెల్ నేర్పిస్తారు. సైట్‌లో ఉచిత పాఠాలు, డౌన్‌లోడ్ చేసుకునే టెంప్లేట్లు, డబ్బు కట్టి చేరే కోర్సులు ఉంటాయి. ఫేస్‌బుక్ పేజీ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఉంది, చాలామంది ఇంకా ట్విట్టర్ అనే పిలిచే ఎక్స్ ఉంది, వారానికో ఈమెయిల్ వెళ్తుంది. పోస్టులన్నీ పెట్టేది ఒకే అమ్మాయి. మార్కెటింగ్ చూసే మేనేజర్ ఇంకొకరు.

నన్ను పిలిచిన కారణం ఇది: స్టూడెంట్లకు డిస్కౌంటు ఇస్తూ పెద్ద ప్రకటన ఒకటి వేయాలనుకుంటున్నారు, డబ్బు పెట్టే ముందు "మా ఆడియన్స్ స్టూడెంట్లే" అని ఎవరైనా బయటివాళ్లు ఒకసారి సరిచూసి చెప్పాలి. మేనేజర్ మొదటి కాల్‌లోనే తేల్చేశారు. "మా వాళ్లంతా కాలేజీ పిల్లలేనండీ, కామెంట్లు చూస్తే మీకే తెలుస్తుంది." చూశాను. నిజమే, కామెంట్లు పెట్టేది ఎక్కువగా పిల్లలే. ఆయన దగ్గర ఇంకో రుజువు కూడా ఉంది. లింకుల మీద క్లిక్కులు ఎక్కువగా తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య వస్తున్నాయి. ఆ టైముకి మెలకువగా ఉండేది పరీక్షలకు చదివేవాళ్లు కాక ఇంకెవరు అన్నది వాదన.

నాకు ఆ రెండు రుజువులనూ కలిపిన చోటే అనుమానం వచ్చింది. కామెంట్లు, లైకులు ఒక గుంపు చేసే పని. లింకు నొక్కి బయటికి వెళ్లడం వేరే పని, దాన్ని అదే గుంపు చేయాలని లేదు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని ఇన్రియా అనే పరిశోధన సంస్థ వాళ్లు, పొడవైన అడ్రస్‌లను పొట్టి లింకులుగా మార్చి క్లిక్కులు లెక్కపెట్టే బిట్లీ డేటాతో ట్విట్టర్‌ను పరిశీలించి, షేర్ అయిన లింకుల్లో 59 శాతాన్ని అసలు ఒక్కరు కూడా తెరవలేదని చెప్పారు. షేర్ చేసినవాళ్లు కూడా చదవలేదన్నమాట. అలాంటప్పుడు లైక్ కొట్టినవాళ్లను చూసి పాఠకుడెవరో ఎలా చెప్తాం?

మొదట చూసినప్పుడు ఏముంది

వాళ్ల దగ్గర ఉన్నవి కాకి లెక్కలు. ఒక పాఠానికి ఒక షార్ట్ లింకు చేసి, ఆ మూడింటిలోనూ ఈమెయిల్‌లోనూ ఎక్కడ పెట్టినా దాన్నే అతికించేవాళ్లు. ఆ లింకులు చేసిచ్చే షార్ట్‌నర్ డాష్‌బోర్డులో మొత్తం క్లిక్కులు కనిపిస్తాయి, ఏది ఎక్కడి నుంచో సరిగ్గా తెలియదు. సైట్‌కు వచ్చినవాళ్లను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో అదే పాఠానికి వచ్చిన సెషన్లు, అంటే సందర్శనలు, చూస్తే ఆ క్లిక్కుల్లో సగం కూడా లేవు. ఆ వచ్చినవాటిలోనూ పెద్ద భాగం "డైరెక్ట్" అనే గంపలో పడి ఉంది. డైరెక్ట్ అంటే అడ్రస్ టైప్ చేసి వచ్చినవాళ్లని చాలామంది అనుకుంటారు. కాదు, ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్లందర్నీ పడేసే చోటు అది.

ఇక్కడ నేను తీసుకున్న మొదటి నిర్ణయం: ఈ రెండు అంకెల మధ్య తేడా ఎందుకో తేలేదాకా ఏ అంకెనీ నమ్మకూడదు. మేనేజర్‌కు ఇది నచ్చలేదు, "ఎలాగూ ట్రెండ్ తెలుస్తోంది కదండీ" అన్నారు. తేడా అన్ని పోస్టులకూ ఒకేలా ఉంటే ట్రెండ్‌ను నమ్మొచ్చు. అలా లేదు. ఎక్స్‌లో కూడా పెట్టినవాటికి ఎక్కువ, ఈమెయిల్‌లో కూడా వెళ్లినవాటికి ఇంకా ఎక్కువ.

అందుకని ఎవరికీ చూపించని లింకు ఒకటి చేశాం. కొత్త షార్ట్ లింకు, ఫేస్‌బుక్‌లో "నాకు మాత్రమే" అని పెట్టిన పోస్టు. ఆ అమ్మాయి స్క్రీన్ షేర్ చేసింది, పోస్ట్ నొక్కింది, మేమిద్దరం డాష్‌బోర్డును రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాం. నిమిషం కాకుండానే రెండు క్లిక్కులు! "నేను నొక్కలేదండీ" అంది. నొక్కలేదు, నిజమే. పోస్టు కింద బొమ్మ, శీర్షిక కనిపించాలంటే ఆ సైట్ తాలూకు బాటు, అంటే దానంతటదే తిరిగే ప్రోగ్రామ్, ముందుగా లింకు తెరిచి చూసి రావాలి. ఫేస్‌బుక్‌కు ఒకటి, ట్విట్టర్‌కు ఒకటి, లింక్డ్ఇన్‌కు, టెలిగ్రామ్‌కు, స్లాక్‌కు ఇలా ఎవరి బాటు వాళ్లకుంది. ఆ షార్ట్‌నర్ వీటిలో కొన్నింటిని మనుషుల్లాగే లెక్కపెడుతోంది. అనలిటిక్స్‌లో ఇవి కనిపించకపోవడానికి కారణం, ఈ బాట్లలో ఎక్కువ భాగం పేజీలోని జావాస్క్రిప్ట్ అనే కోడ్‌ను నడపవు, అది నడిస్తేనే అక్కడ లెక్క పడుతుంది.

అప్పట్నుంచి షార్ట్‌నర్ అంకెను ఆడియన్స్ లెక్కలోంచి తీసేశాం. తెల్లవారుజాము సంగతి కూడా ఆ వారమే తేలిపోయింది. ఆ డాష్‌బోర్డు గంటలన్నీ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, చూపిస్తోంది. మన గడియారానికి మార్చి చూస్తే, రాత్రంతా మేలుకున్న ఆ పిల్లలందరూ పొద్దున తొమ్మిదిన్నర, పదకొండున్నర మధ్య ఆఫీసు టైములో వచ్చి కూర్చున్నారు. మేనేజర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

చేసి చూసినవి, చెడినవి

ఇక లింకులకు పేర్లు పెట్టే పని. యూటీఎం అంటే అడ్రస్ చివర తగిలించే ట్యాగులు: ఎక్కడి నుంచి, ఏ రకం దారిలో, ఏ ప్రచారం కింద వచ్చారో చెప్పేవి. అందులో యూ అంటే అర్చిన్, 2005లో గూగుల్ కొనుక్కున్న కంపెనీ పేరు, అనలిటిక్స్ పుట్టింది దాన్నుంచే. పద్ధతి పాతదే, కష్టమూ కాదు, కానీ మనుషుల చేతిలో పడితే ఎలా తయారవుతుందో చూడాలి. మొదటి రెండు వారాల్లో ఫేస్‌బుక్‌కే నాలుగు పేర్లు పడ్డాయి. ఒకరు పూర్తి పేరు పెద్ద అక్షరంతో మొదలుపెట్టారు, ఒకరు అంతా చిన్న అక్షరాల్లో రాశారు, ఇంకొకరు రెండక్షరాల పొట్టి పేరు పెట్టారు, అది కూడా రెండు రకాలుగా. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వచ్చినా అనలిటిక్స్ వాటిని వేర్వేరు సోర్సులుగా చూస్తుంది. అంటే ఒక్క ఫేస్‌బుక్ నాలుగు వరుసలుగా విడిపోయి, ఏ వరుసా పైకి రాకుండా పోయింది.

దీనికి శిక్షణ తరగతి పెడదామని మేనేజర్ అన్నారు. వద్దన్నాను. చెయ్యి జారే అవకాశం ఉన్నంతకాలం ఎవరికైనా జారుతుంది, నాకైనా. షేర్డ్ షీట్ ఒకటి చేసి, సోర్సు, దారి, పోస్టు రకం మూడింటికీ డ్రాప్‌డౌన్‌లు పెట్టాం, ఎంచుకుంటే లింకు దానంతటదే తయారవుతుంది. టైప్ చేసే చోటే లేదు. నేను మొదట ఏడు గడులు పెట్టాను, పోస్టు రంగు, పెట్టిన గంటతో సహా. మూడో రోజుకి ఆ అమ్మాయి "ఒక్కో పోస్టుకి ఇంతసేపు అయితే నేను పోస్టులు మానేసి ఇదే చేస్తూ కూర్చోవాలి" అంది. తప్పు నాదే. మూడుకి తగ్గించాను. ఒక గడిని బట్టి మనం తీసుకునే నిర్ణయం ఏమైనా మారుతుందా, మారకపోతే ఆ గడి ఎందుకు అన్న ప్రశ్న అప్పుడు వేసుకోవలసింది, ముందే వేసుకోలేదు.

ఒక్కో చోటికి ఒక్కో లింకు కూడా అప్పుడే మొదలుపెట్టాం. ఇన్‌స్టాగ్రామ్‌లో బయోకి ఒకటి, స్టోరీకి ఒకటి. అక్కడ పోస్టు కింద రాసే మాటల్లో లింకు పెట్టినా నొక్కడానికి పనిచేయదు కాబట్టి, క్లిక్కులు తక్కువ వచ్చాయంటే జనానికి ఆసక్తి లేదని కాదు, తలుపే లేదని. ఈ మాట ముందే రాసిపెట్టుకోమని చెప్పాను, తర్వాత చార్టు చూసి ఇన్‌స్టాగ్రామ్ దండగ అనేస్తారని నాకు తెలుసు. అన్నారు కూడా.

ఈమెయిల్ దగ్గర జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. నేను రాకముందే అమ్మకాలు చూసే అతను ప్రతి చందాదారుడికీ లింకులో ఒక ఐడీ తగిలించే ఏర్పాటు చేసుకున్నాడు, ఎవరు ఏది నొక్కారో పేరుతో సహా తెలియాలని. ఒక రోజు ఒకే ఐడీ మీద నలభైకి పైగా క్లిక్కులు వచ్చాయి. "ఈ మేడమ్ మన పాఠం నలభైసార్లు తెరిచారు, ఇప్పుడే ఫోన్ చేస్తే కోర్సు తీసుకుంటారు" అని ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. కాసేపు ఆగమన్నాను. క్లిక్కులను విడగొట్టి చూస్తే కొన్ని మెయిల్ అందిన క్షణాల్లోనే వరసగా అన్ని లింకుల మీదా పడ్డాయి, అది ఆవిడ ఆఫీసు మెయిల్‌కు కాపలా ఉండే సెక్యూరిటీ స్కానర్ పని, వైరస్ ఉందేమో చూడటానికి లింకులన్నీ ముందే తెరుస్తుంది. మిగతావి గంట తర్వాత మొదలయ్యాయి, వేర్వేరు బ్రౌజర్ల నుంచి, కొన్ని కంప్యూటర్ల నుంచి, కొన్ని ఫోన్ల నుంచి. ఆవిడ ఆ మెయిల్‌ను తన టీమ్‌కు ఫార్వర్డ్ చేశారు, అంతే.

ఆ ఐడీలను ఆ వారమే తీసేయించాను. మనిషికి చెప్పకుండా అతని ప్రతి నొక్కుడునీ పేరుతో దాచుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు, చాలాచోట్ల చట్టమూ ఒప్పుకోదు. అమ్మకాల అతన్ని కదిలించింది మాత్రం ఆ కారణం కాదు, ఆ డేటా అబద్ధం చెప్తోందన్నది. ఫార్వర్డ్ అయిన మరుక్షణం ఆ ఐడీ ఇంకొకరి చేతిలో ఉంటుంది, మన లెక్కలో మాత్రం పాత పేరే. కానీ ఆవిడ పుణ్యమా అని ఒక అనుమానం మొదలైంది: ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈవిడ ఒక్కరేనా?

దారి దొరికింది ఎక్కడ

2011లో బిట్లీ వాళ్లు వెయ్యి పాపులర్ లింకులు తీసుకుని అర్ధాయువు లెక్కగట్టారు. క్లిక్కులు పతాక స్థాయికి చేరాక మిగతావాటిలో సగం రావడానికి ఎంతసేపు పడుతుందని. ట్విట్టర్‌లో 2.8 గంటలు, ఫేస్‌బుక్‌లో 3.2 గంటలు, యూట్యూబ్‌లో 7.4 గంటలు వచ్చింది. పాత అంకెలు, ఇవాళ అవే ఉంటాయని కాదు. కానీ పోస్టు తొందరగా చచ్చిపోతుందన్న సంగతి మారలేదు. నేను అదే కొలత ఈ లింకులకు పెట్టి చూశాను. ఫేస్‌బుక్‌లో పెట్టినవి చాలావరకు మర్నాటికి సద్దుమణిగాయి. ఒకటి మాత్రం సద్దుమణగలేదు. నెలవారీ ఖర్చుల రిపోర్టు టెంప్లేట్. ఫేస్‌బుక్ ట్యాగుతో మూడు వారాలపాటు రోజూ వస్తూనే ఉన్నారు, శని ఆదివారాలు దాదాపు ఖాళీ, సోమవారం మళ్లీ మొదలు, నెలాఖరులో ఒక గుట్ట.

ఆ పోస్టుకు లైకులు ఎన్నో తెలుసా? పదకొండు. అదే వారం పెట్టిన స్ఫూర్తి వాక్యాల కార్డుకు వాటికి ఎన్నో రెట్లు.

మూడు వారాల పాత పోస్టును ఫేస్‌బుక్ రోజూ ఎవరికి చూపిస్తోంది? రెండు ఊహలు. ఎవరో పెద్ద గ్రూపులో పిన్ చేసి ఉండొచ్చు, లేదా ఫేస్‌బుక్‌తో సంబంధమే లేకుండా లింకు చేతులు మారుతూ ఉండొచ్చు. తేల్చడానికి సర్వర్ లాగ్, అంటే సైట్‌కు వచ్చిన ప్రతి సందర్శననూ రాసిపెట్టే చిట్టా, తీశాం. నిజంగా ఫేస్‌బుక్‌లో నొక్కి వచ్చినవాళ్లకు సాధారణంగా రెఫరర్‌లో, అంటే ఏ సైట్ నుంచి వచ్చారో బ్రౌజర్ చెప్పే చోట, ఫేస్‌బుక్ పేరు ఉంటుంది, లేదా వాళ్ల యాప్‌లోని బ్రౌజరే తన గుర్తు చెప్పుకుంటుంది. ఇక్కడ ఎక్కువమందికి ట్యాగు ఫేస్‌బుక్ అంటోంది, రెఫరర్ ఖాళీ. ఇంకో ఆనవాలు దీనికంటే గట్టిది. 2018 నుంచి ఫేస్‌బుక్ బయటికి వెళ్లే లింకులకు తనంతట తాను ఒక క్లిక్ ఐడీ తగిలిస్తుంది, ఒక్కో నొక్కుడుకు ఒక్కోటి. ఫేస్‌బుక్‌లో షార్ట్ లింకులు మానేసి పూర్తి అడ్రస్ పెడుతున్నాం కాబట్టి అది లాగ్‌లో కనిపిస్తుంది. ఒకే క్లిక్ ఐడీతో వేర్వేరు రోజుల్లో పదుల కొద్దీ సందర్శనలు, వేర్వేరు మిషన్ల నుంచి. అంటే ఎవరో ఒక్కరు ఫేస్‌బుక్‌లో నొక్కి వచ్చారు, పేజీ నచ్చి పైన అడ్రస్ బార్‌లో ఉన్నదంతా కాపీ చేసి ఎక్కడో పంపారు, మన ట్యాగు కూడా దానితో పాటు వెళ్లిపోయింది. అక్కడి నుంచి అందరూ మన లెక్కలో ఫేస్‌బుక్ ఆడియన్సే! 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఆపిల్ మెసేజెస్, మెయిల్, సఫారీ ప్రైవేట్ బ్రౌజింగ్‌లో ఇలాంటి క్లిక్ ఐడీలను తీసేస్తోంది కాబట్టి, మాకు దొరికింది ఉన్నదాంట్లో కొంతే అనుకోవాలి.

ఇలా ప్రైవేటు మెసేజుల్లో, మెయిళ్లలో తిరిగే రాకపోకలకు 2012లో అలెక్సిస్ మాడ్రిగల్ అనే జర్నలిస్టు డార్క్ సోషల్ అని పేరు పెట్టాడు. పేరు తెలిసినంత మాత్రాన కొలవడం రాదు.

రెండు పనులు చేశాం. పేజీ తెరుచుకుని అనలిటిక్స్ ట్యాగులను చదువుకున్నాక, చిన్న స్క్రిప్టుతో అడ్రస్ బార్‌లోంచి వాటిని చెరిపేయడం ఒకటి. అప్పుడు కాపీ చేసినవాళ్ల దగ్గరికి శుభ్రమైన అడ్రస్ వెళ్తుంది, ఫేస్‌బుక్ లెక్క ఫేస్‌బుక్‌దిగా ఉంటుంది. రెండోది, టెంప్లేట్ పక్కనే "సహోద్యోగికి పంపండి" అనే బటన్, దాని లింకుకు "పంపినది" అని సొంత ట్యాగు. బటన్‌లో పేరు, ఐడీ ఏమీ లేవు. బటన్ నొక్కకుండా అడ్రస్ కాపీ చేసేవాళ్లు డైరెక్ట్‌లోనే పడతారు, పడనీ అనుకున్నాం. తప్పు పేరుతో ఉన్నదానికంటే పేరు లేనిది నయం.

మొదటిది పెట్టిన రోజు మా డెవలపర్ స్క్రిప్టును పేజీ మొదట్లోనే నడిపించాడు. అనలిటిక్స్ చదవకముందే ట్యాగులు మాయం. రెండు రోజులపాటు సోషల్ ట్రాఫిక్ సున్నా, మేనేజర్‌కు టెన్షన్, నాకు ఫోన్ల మీద ఫోన్లు. వరస మార్చాక సర్దుకుంది. ఆ రెండు రోజుల డేటా పోయినట్టే. షీట్‌లో ఆ తేదీల పక్కన ఎర్ర రంగుతో రాసిపెట్టాం, లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు ఆ గొయ్యి చూసి కథలల్లుతారు.

బటన్ ద్వారా పంపినవాటి నుంచి వచ్చినవాళ్లు సంఖ్యలో ఫేస్‌బుక్ కంటే తక్కువే. కానీ అనలిటిక్స్‌లో ఎంగేజ్డ్ సెషన్ అనే లెక్క ఉంది, పది సెకన్లకు మించి ఉండటమో, రెండు పేజీలు చూడటమో, మనం ముఖ్యమని గుర్తు పెట్టిన పని చేయడమో జరిగితే పడుతుంది. అందులో వీళ్లే ముందున్నారు. డౌన్‌లోడ్లలోనూ వీళ్లే. ఎక్కువమంది కంప్యూటర్ల మీద నుంచి, పనిరోజుల్లో, పనివేళల్లో. ఇక్కడికి వచ్చాక "మీ ఆడియన్స్ ఉద్యోగులు" అని రిపోర్టు రాసేయాలని నాకూ అనిపించింది. రాయలేదు. పగటిపూట కంప్యూటర్ ముందు కూర్చునేది ఉద్యోగులే అనుకోవడం, తెల్లవారుజామున మేలుకునేది విద్యార్థులే అనుకోవడం లాంటిదే. కాలేజీ ల్యాబ్ కూడా ఆ టైముకే తెరుస్తారు. లింకు డేటా ఎప్పుడు, ఎక్కడ, ఏ మిషన్ మీద అన్నది చెప్తుంది, ఎవరన్నది చెప్పదు. అందుకే డౌన్‌లోడ్ బటన్ కింద ఒక్క ప్రశ్న పెట్టాం: ఈ షీట్ దేనికి? చదువుకా, ఉద్యోగానికా, సొంత వ్యాపారానికా. జవాబు ఇవ్వకపోయినా ఫైలు దిగుతుంది. ఉద్యోగానికి అన్నవాళ్లు మిగతా రెండు రకాలవాళ్లనూ కలిపినా ఎక్కువే.

ఆ తర్వాత

స్టూడెంట్ డిస్కౌంటు ప్రకటన ఆగిపోయింది. నెలాఖరు వారంలో రిపోర్టు టెంప్లేట్లు పెట్టడం మొదలుపెట్టారు, స్ఫూర్తి కార్డులు బాగా తగ్గించారు. లైకులు పడిపోయాయి. మొదటి నెల చార్టు చూసి సంస్థ యజమాని "ఇదేనా మీరు చేసింది" అని అడిగారు, అడగడంలో తప్పు లేదు. ముందే ఒప్పుకున్న కొలత లైకులు కాదు, టెంప్లేట్ దించుకున్నవాళ్లలో కోర్సు పేజీ దాకా వెళ్లినవాళ్లు, అది పెరుగుతోంది కాబట్టి నిలబడగలిగాను. ఆ కొలత కాగితం మీద ముందే రాసుకోకపోయి ఉంటే ఆ రోజు నా దగ్గర జవాబు ఉండేది కాదు. మళ్లీ ఇలాంటి కేసు వస్తే మొదటి వారమే చేసే పని అది, ఎవరికీ చూపించని లింకు పరీక్షతో పాటు. ఫేస్‌బుక్ యాప్‌లో తెరిచినవాళ్లే తర్వాత తమ మామూలు బ్రౌజర్‌లో వస్తే అనలిటిక్స్ వాళ్లను కొత్త మనుషులుగా లెక్కేస్తుందని కూడా మొదట్లోనే చెప్పి ఉండాల్సింది. "యూజర్లు" అనే అంకె చూసి చాలా రోజులు వాదించుకున్నాం.

ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మూసేద్దామా అని ఈమధ్య అడిగారు. వద్దన్నాను. అక్కడున్న పిల్లలు నిజమే, లైకులూ నిజమే, లింకు లేని చోట ఏం జరుగుతుందో లింకు లెక్క చెప్పలేదు. వాళ్లలో కొందరు చదువయ్యాక ఉద్యోగంలో చేరి ఈ పేరు గుర్తుపెట్టుకుంటున్నారేమో తెలుసుకోవాలంటే అడగడమే దారి. కోర్సులో చేరే ఫారంలో "మా గురించి మొదటిసారి ఎక్కడ విన్నారు" అని ఒక ఖాళీ గడి చేర్చాం, డ్రాప్‌డౌన్ లేకుండా, ఎవరికి తోచింది వాళ్లు రాసేలా. జవాబులు ఇంకా కొన్నే వచ్చాయి, వాటిలో రెండుసార్లు కనిపించిన మాట "మా మేనేజర్ పంపారు".